మ్యాక్‌లో ఆడుతున్న ఫుటేజీ నా పీసీలో ఆడట్లేదు (పెళ్ళి ఎడిట్, అర్జెంట్)

గోదారి_కట్స్ | రాజమండ్రి | సోమవారం రాత్రి 10:42

అన్నలూ అక్కలూ, బుర్ర పనిచెయ్యట్లేదు. ఒక పెళ్ళి ఎడిట్ ఒప్పుకున్నాను. ట్రెడిషనల్ కెమెరా మా ఊరివాళ్ళదే, క్యాండిడ్‌కి విజయవాడ నుంచి ఒకాయన వచ్చారు. ఇద్దరి ఫుటేజీ ఒకే హార్డ్ డిస్క్‌లో వేసి నా చేతిలో పెట్టారు. ట్రెడిషనల్ క్లిప్పులు వెన్నలా ఆడుతున్నాయి. క్యాండిడ్‌వి టైమ్‌లైన్‌లో పెడితే నాలుగు ఫ్రేములు కదిలి బొమ్మ నిలబడిపోతుంది, సన్నాయి మాత్రం మోగుతూనే ఉంటుంది. ఆయనకి ఫోన్ చేస్తే "నా మ్యాక్‌లో బ్రహ్మాండంగా ఉందండీ, మీ డిస్కో కేబులో చూసుకోండి" అన్నారు. పోర్టు మార్చా, కేబుల్ మార్చా, ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేసి కూడా చూశా. ఏం తేడా లేదు. రెండూ ఎంపీ4 ఫైళ్ళే కదా, ఒకటి ఆడి ఇంకోటి ఆడకపోవడం ఏంటి?

పీసీ: ఇంటెల్ ఐ5 9వ తరం, జీటీఎక్స్ 1660, 16 జీబీ ర్యామ్, విండోస్ 10. వచ్చే ఆదివారానికి ఇచ్చెయ్యాలి.

ఓరుగల్లు_ఫ్రేమ్స్ | వరంగల్ | 10:58

తమ్మీ, కోడెక్ ప్యాక్ ఏసుకో, వీడియోలు విప్పే సాఫ్ట్‌వేర్లన్ని ఒక్క మూటల వస్తయి, అయిపోతది. నేను కొత్తగ విండోస్ ఎక్కిచ్చినప్పుడల్ల ముందుగాల గదే ఏస్త.

గోదారి_కట్స్ | 11:31

వేశానన్నా. ప్లేయర్‌లో కాస్త నయం. ఎడిటింగ్‌లో మాత్రం అలాగే ఉంది, పైగా ఇప్పుడు ఫోల్డర్ తెరిస్తే థంబ్‌నెయిల్స్ కూడా రావట్లేదు.

తెరచాటు | హైదరాబాద్ | 11:40

ఆ ప్యాక్ తీసెయ్యి తమ్ముడూ. ఓరుగల్లు అన్న చెప్పింది పదిహేనేళ్ళ కిందట నిజమే. అప్పట్లో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు విండోస్‌లో ఉన్న కోడెక్‌లనే వాడుకునేవి. ఇప్పటివి చాలావరకు తమ డీకోడర్లు తామే తెచ్చుకుంటాయి. నువ్వు బయట ఎన్ని ప్యాకులు వేసినా వాటి జోలికి పోవు.

ఎంపీ4 అనేది డబ్బా పేరు, లోపలి సరుకు కోడెక్. పైన "స్వీట్స్" అని రాసి ఉన్నంత మాత్రాన లోపల పూతరేకులున్నాయో కాకినాడ కాజాలున్నాయో తెలీదు కదా. ఎంఓవీ, ఎమ్‌కేవీ, ఎమ్‌ఎక్స్‌ఎఫ్ ఇవన్నీ డబ్బాలే. మీడియాఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఆడే క్లిప్ ఒకటి, ఆడని క్లిప్ ఒకటి అందులో వేసి ఐదు సంగతులు రాయి: ఫార్మాట్, ప్రొఫైల్, క్రోమా సబ్‌శాంప్లింగ్, బిట్ డెప్త్, ఫ్రేమ్ రేట్. ఎవరి డిస్క్‌ది తప్పో ఆ తరవాత మాట్లాడదాం.

గోదారి_కట్స్ | మంగళవారం ఉదయం 7:15

ఆడేది: ఏవీసీ అంటే హెచ్.264 అనుకుంటా, హై ప్రొఫైల్, 4:2:0, 8 బిట్, 25 ఫ్రేములు.

ఆడనిది: హెచ్‌ఈవీసీ, 4:2:2, 10 బిట్, 4కె, 50 ఫ్రేములు, బిట్ రేట్ సుమారు 200 మెగాబిట్లు.

200 అంటే ఎక్కువ కదా, అందుకే డిస్క్ మొయ్యలేకపోతోందా?

తెరచాటు | 9:05

లెక్క వేసి చూడు. 200 మెగాబిట్లు అంటే సెకనుకి 25 మెగాబైట్లు. మామూలు యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ సెకనుకి వంద మెగాబైట్లు అవలీలగా ఇస్తుంది. డిస్క్ నిర్దోషి. నీ కెమెరామన్ గారూ నిర్దోషే. ఇరుక్కున్నది నీ గ్రాఫిక్స్ కార్డు.

ముగ్గు వేసేవాళ్ళని చూశావుగా. గీతలు మొత్తం వేస్తారు, తరవాత గళ్ళల్లో రంగు నింపుతారు. వీడియోలోనూ వెలుగునీడల గీత ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది, రంగు మాత్రం పొదుపుగా వేస్తారు. నాలుగు గళ్ళకి ఒక చిటికెడు రంగు వేస్తే 4:2:0, రెండు గళ్ళకి ఒక చిటికెడు వేస్తే 4:2:2. గ్రేడింగ్‌లో రంగుని లాగి పీకేటప్పుడు రెండోది బాగా తట్టుకుంటుంది. ఇక 8 బిట్ అంటే ఒక్కో రంగుకి 256 మెట్లు, 10 బిట్ అంటే 1024. క్యాండిడ్ ఆయన మంచి సెట్టింగే వాడాడు. నీకు చెప్పకుండా వాడాడు, అంతే.

ఇప్పుడు హెచ్.265 సంగతి, నీకు మీడియాఇన్ఫోలో హెచ్‌ఈవీసీ అని కనిపించింది ఇదే. ఇది 2013లో వచ్చిన ప్రమాణం. దీన్ని సాఫీగా విప్పాలంటే గ్రాఫిక్స్ చిప్‌లో ప్రత్యేకంగా ఒక సర్క్యూట్ ఉండాలి. నీ 1660లో 4:2:0 10 బిట్ హెచ్.265 విప్పే సర్క్యూట్ ఉంది, 4:2:2 విప్పేది లేదు. ఎన్విడియాలో 4:2:2 వచ్చిందే 2025 నాటి ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తో. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో లోపల ఉండే గ్రాఫిక్స్‌కి 11వ తరం నుంచి ఉంది. ఆపిల్ ఎం1కి 2020 నుంచే ఉంది, అందుకే ఆయన ల్యాప్‌టాప్‌లో అంత సాఫీగా ఆడింది. కొన్నాళ్ళ పాటు లక్షన్నర పోసి కొన్న కార్డు కంటే ఐ5 12వ తరంలోని బుల్లి గ్రాఫిక్స్ ఈ ఒక్క పనిలో మెరుగ్గా ఉండేది. నమ్మబుద్ధి కాదు కానీ నిజం. (ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే మాత్రం అందులో గ్రాఫిక్స్ ఉండదు, కొనేటప్పుడు చూసుకోండి.)

సర్క్యూట్ లేకపోతే భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. పైగా ఇందులో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. వారపత్రిక సీరియల్ లాంటిది: పన్నెండో వారం అర్థం కావాలంటే వెనక్కి వెళ్ళి మొదటినుంచి చదువుకు రావాలి. టైమ్‌లైన్‌లో నువ్వు క్లిక్ చేసిన ప్రతిసారీ నీ ఐ5 ఆ పనే చేస్తోంది. ప్రోరెస్, డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ లాంటి కోడెక్‌లలో ప్రతి ఫ్రేమూ ఒక పూర్తి కథ. సైజు పెద్దది, శ్రమ తక్కువ. వాటిని ఎడిటింగ్ కోసమే చేశారు.

ఓరుగల్లు_ఫ్రేమ్స్ | 9:40

గిట్ల ఇడమర్చి ఎవ్వరు చెప్పలే అన్నా ఇన్నేండ్ల సంది. సరే, అయితె అన్ని క్లిప్పులు ప్రోరెస్‌ల మార్చి పారేస్తె పీడ పోతది గద?

తెరచాటు | 10:12

గోదారీ, ఆ క్యాండిడ్ ఫుటేజీ ఎన్ని గంటలు?

గోదారి_కట్స్ | 10:20

దగ్గర దగ్గర ఆరు గంటలన్నా. మంగళస్నానాల నుంచి అప్పగింతల దాకా ఆపలేదు ఆయన.

తెరచాటు | 10:55

ఆరు గంటలు ఇప్పుడు సుమారు 540 జీబీ. 4కె 50 ఫ్రేముల్లో ప్రోరెస్ 422 అంటే ఆపిల్ ఇచ్చిన పట్టిక ప్రకారం సెకనుకి 983 మెగాబిట్లు, గంటకి 442 జీబీ. ఆరింటికి రెండున్నర టీబీ దాటుతుంది. ఒక్క పెళ్ళికి! నీకు వచ్చే పారితోషికంలో సగం డిస్కులకే పోతుంది.

నా సలహా ప్రాక్సీ, అంటే ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి నకలు. 1080లో ప్రోరెస్ ప్రాక్సీ, 50 ఫ్రేములకి 76 మెగాబిట్లు, గంటకి 34 జీబీ. మొత్తం 200 జీబీ చిల్లర. కటింగ్ అంతా వాటి మీద చేసి, చివరి ఎక్స్‌పోర్ట్ అప్పుడు ఒరిజినల్‌కి మార్చుకో. ఎక్స్‌పోర్ట్ నిదానంగా అవుతుంది, అవనీ. రాత్రి పెట్టి పడుకో.

ప్రాక్సీ మీ ఇంట్లో చెయ్యకు, నీ ఐ5కి రెండు మూడు రాత్రులు పట్టొచ్చు. కెమెరామన్ గారినే అడుగు. ఆయన మ్యాక్‌లో ఒక్క రాత్రి పని.

గోదారి_కట్స్ | 11:10

ఆయన మ్యాక్ ఎవరికీ ఇవ్వరన్నా. దాన్ని పెళ్ళికూతురి కంటే జాగ్రత్తగా చూసుకుంటారు.

తెరచాటు | 11:14

మ్యాక్ అడగొద్దు, ప్రాక్సీలు అడుగు. షట్టర్ ఎన్‌కోడర్ అని ఉచితంగా వస్తుంది, మ్యాక్‌లోనూ విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుంది. లోపల పనిచేసేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, కాకపోతే కమాండ్లు టైప్ చెయ్యక్కర్లేదు. ఆయనకి మూడు మాటలు చెప్పు: ఫైల్ పేరు మార్చొద్దు, ఫ్రేమ్ రేట్ 50 నుంచి కదపొద్దు, ఆడియో ఛానెళ్ళు ఒరిజినల్‌లో ఎన్నుంటే అన్నీ ఉంచాలి. మూడోది అందరూ మర్చిపోతారు.

డాలస్_తమ్ముడు | టెక్సస్ | మంగళవారం (మీకు రాత్రి) 9:30

నేనూ మా అన్నయ్యా ఇలాగే చేస్తాం. ఆయన వైజాగ్‌లో విండోస్, నేనిక్కడ మ్యాక్. మా అనుభవంలో కోడెక్ కంటే ఎక్కువ ఏడిపించింది డిస్క్ ఫార్మాట్. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌ని మ్యాక్ చదువుతుంది, రాయదు. మ్యాక్ ఏపీఎఫ్‌ఎస్ డిస్క్‌ని విండోస్ గుర్తే పట్టదు, "ఫార్మాట్ చెయ్యాలా" అని అడుగుతుంది. అలవాటుగా ఎస్ నొక్కారో, పెళ్ళి మొత్తం పోయినట్టే. అటూ ఇటూ తిరిగే డిస్క్ ఎక్స్‌ఫ్యాట్ మాత్రమే. తీసేముందు ఎజెక్ట్ తప్పనిసరి, దానికి జర్నలింగ్ లేదు, అంటే రాస్తూ మధ్యలో ఆగితే సర్దుకునే చిట్టా ఉండదు.

ఇంకోటి. ఫోల్డర్ పేర్లు తెలుగులో పెట్టకండి. భాషాభిమానం నాకూ ఉంది, వినండి. మా బాబాయి కూతురి పెళ్ళికి "మైలవరం" అని ఫోల్డర్ పెట్టాను. అన్నయ్య పీసీలో ఆ ఫోల్డర్‌లో క్లిప్పులన్నీ ఆఫ్‌లైన్, అంటే సాఫ్ట్‌వేర్‌కి ఫైళ్ళు దొరకలేదు. కంటికి రెండు పేర్లూ ఒకేలా ఉన్నాయి. ఒక రోజంతా పోయాక తేలింది: నా పాత మ్యాక్ డిస్క్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, అది "మై"లో ఐత్వాన్ని ఎత్వం ఒకటి, కింద వచ్చే గుర్తు ఒకటి, రెండు ముక్కలుగా రాసుకుంటుంది. విండోస్‌లో అన్నయ్య టైప్ చేసింది ఒకే ముక్క. కంప్యూటర్‌కి అవి రెండు వేర్వేరు ఊళ్ళు. తెలుగు గుణింతంలో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటేనట, అది సరిగ్గా మా ఊరి పేరులోనే ఉండాలా!

రంగుల_గది | హైదరాబాద్ | 9:52

డాలస్ తమ్ముడూ, పదేళ్ళుగా గ్రేడింగ్ చేస్తున్నాను, ఇది మాత్రం మొదటిసారి వింటున్నా. మా దగ్గర "శైలజ వెడ్స్" అని ఒక ప్రాజెక్ట్ ఇలాగే సతాయించింది. ఇప్పుడు అర్థమైంది.

లైనక్స్_పిచ్చి | బెంగళూరు | 10:15

ఈ విండోస్, మ్యాక్ గొడవలో మమ్మల్ని మరిచారు. లైనక్స్‌లో డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్ వాడేవాళ్ళు గుర్తుంచుకోండి, అది హెచ్.264, హెచ్.265 తీసుకోదు. ఏఏసీ ఆడియోతో కూడా చాలా ఏళ్ళుగా ఇబ్బందే: బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ వీడియో, కుదించని పీసీఎం ఆడియో, ఎంఓవీ డబ్బా. ఇలా మార్చుకుంటే హాయి. నేను కెమెరా నుంచి కార్డు తియ్యగానే చేసే మొదటి పని అదే.

ఓరుగల్లు_ఫ్రేమ్స్ | 10:31

ప్రోరెస్ మ్యాకోల్లది గద, విండోస్‌ల నడుస్తదా అసలు? నేనైతె డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆరే నమ్ముత.

తెరచాటు | 10:50

అన్నా, మీ భయానికి కారణం ఉంది. ప్రోరెస్ 2007లో ఆపిల్ తెచ్చింది. చాలాకాలం విండోస్‌లో దాన్ని చదవాలంటే క్విక్‌టైమ్ వేసుకోవాలి, రాయడానికి సరైన దారే లేదు. 2016లో విండోస్ క్విక్‌టైమ్‌ని ఆపిల్ వదిలేసింది, భద్రతా లోపాలున్నాయి తీసెయ్యండని అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగమే చెప్పింది. ఇప్పటికీ ఎవరైనా "క్విక్‌టైమ్ వేసుకో" అంటే వినకండి. ఇప్పుడు పెద్ద ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లన్నీ క్విక్‌టైమ్ లేకుండానే ప్రోరెస్ చదువుతాయి.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ రాసే ప్రోరెస్ ఆపిల్ అధికారికంగా ఆమోదించింది కాదు. ప్రాక్సీకి బంగారంలా పనికొస్తుంది. ఛానల్‌కో ఓటీటీకో మాస్టర్ ఇచ్చేటప్పుడు మాత్రం ఆమోదం ఉన్న సాఫ్ట్‌వేర్ నుంచే తియ్యండి. డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ కూడా అంతే మంచిది. రెంటిలో ఏది అన్నది నాకు ఇడ్లీ, దోశ తగాదా. అందరూ ఒకటే వాడడం ముఖ్యం.

గోదారి_కట్స్ | గురువారం ఉదయం 8:20

అన్నా, ఆయన ఒప్పుకున్నారు! రాత్రంతా మ్యాక్ పెట్టి ప్రాక్సీలు చేసి, బస్సులో పార్సిల్ పంపారు. కానీ సాఫ్ట్‌వేర్ సగం క్లిప్పులకి ప్రాక్సీ తగిలించనంటోంది. పేర్లు సరిపోయాయి, ఫ్రేములు 50 ఉన్నాయి.

తెరచాటు | 8:26

ఆడియో ఛానెళ్ళు?

గోదారి_కట్స్ | 8:41

…ఒరిజినల్‌లో 4, ప్రాక్సీలో 2. మైక్ అడాప్టర్ పెట్టి తీసిన క్లిప్పులన్నిటికీ ఇదే.

తెరచాటు | 8:44

అవి ఎన్నున్నాయో చూసి వాటినే మళ్ళీ చేయించు. మిగతావి కట్ చెయ్యడం మొదలుపెట్టు.

గోదారి_కట్స్ | గురువారం రాత్రి 11:05

31 క్లిప్పులే. అవి నా ఐ5లోనే పెట్టాను, నాలుగు గంటల్లో అయ్యాయి. ఇప్పుడు టైమ్‌లైన్ నీళ్ళలా కదులుతోంది. ఇంకో తలనొప్పి: పెళ్ళికొడుకు తమ్ముడు ఫోన్‌లో మాంగల్యధారణ మొత్తం 40 నిమిషాలు తీశాడు. మొదట్లో మంత్రానికీ పెదాలకీ సరిపోతుంది, చివరికొచ్చేసరికి పంతులుగారు నోరు మూశాక మంత్రం వినిపిస్తోంది.

ఓరుగల్లు_ఫ్రేమ్స్ | 11:12

ఇది నాకు తెల్సు! ఫోన్ల ఫ్రేమ్ రేట్ నిలకడగ ఉండది తమ్మీ. ఎల్తురు తగ్గినా, ఫోన్ కాలినా ఫ్రేములు తగ్గిచ్చుకుంటది. మీడియాఇన్ఫోల ఫ్రేమ్ రేట్ మోడ్ కాడ "వేరియబుల్" అని చూపిస్తది సూడు. టైమ్‌లైన్‌ల ఎయ్యకముందే కాన్‌స్టంట్‌కు మార్చాలె, షట్టర్ ఎన్‌కోడర్ల అయితది. హ్యాండ్‌బ్రేక్‌ల గూడ ఉంటది ఆ ఆప్షన్. టైమ్‌లైన్‌ల ఏసినంక ఆడియో గుంజి సదురుదమంటె తెల్లారుతది గనీ సదురది, నాకు ఎర్క.

గా పోరడు వాట్సాప్‌ల వీడియో లెక్క పంపిండా ఏంది? అయితె అది పిప్పి అయినట్టే. డాక్యుమెంట్ లెక్క పంపుమను, 2 జీబీ దాక ఒరిజినల్ వస్తది.

రంగుల_గది | శుక్రవారం ఉదయం 10:02

గోదారీ, ఫోన్ కొత్తదైతే అది హెచ్‌డీఆర్‌లో, అంటే వెలుగు పరిధి ఎక్కువుండే మోడ్‌లో, తీసిందేమో కూడా చూసుకోమ్మా. మామూలు టైమ్‌లైన్‌లో పడితే మొహాలు సున్నం కొట్టినట్టు తెల్లగా వెలిగిపోతాయి. కాంట్రాస్ట్ లాగి సరిచేద్దామని చూడకు, కలర్ మేనేజ్‌మెంట్‌లో దాన్ని రెక్ 709కి, అంటే మామూలు టీవీ రంగుల ప్రమాణానికి, మార్చు.

ఇంకా ముందే చెప్తున్నా, రేపు కెమెరామన్ గారు మ్యాక్‌లో నీ ఎక్స్‌పోర్ట్ చూసి "రంగులు వెలిసిపోయాయి, పట్టుచీర ఎరుపు గులాబీ అయింది" అంటారు. కంగారుపడి మళ్ళీ గ్రేడ్ చెయ్యకు. రెక్ 709 ట్యాగ్ ఉన్న ఫైల్‌ని మ్యాక్‌లో క్విక్‌టైమ్ ప్లేయర్ గామా, అంటే వెలుగునీడలు ఎంత ముదురుగా చూపాలో చెప్పే అంకె, సుమారు 1.96 అనుకుని చూపిస్తుంది. మనం గ్రేడ్ చేసే మానిటర్ 2.4. అందుకే నీడలు తేలిపోతాయి. ఫైల్‌లో రంగు ఎక్కడికీ పోలేదు. నా మొదటి కమర్షియల్ ప్రాజెక్ట్‌లో క్లయింట్ మాట విని మూడుసార్లు ముదురు చేశాను, చివరికి టీవీలో చూస్తే అందరూ అమావాస్య రాత్రి నిలబడ్డట్టున్నారు. ఆయన్ని మామూలు టీవీలో చూడమను.

లైనక్స్_పిచ్చి | 10:30

ఇంతకీ తెలుగు టైటిల్స్ విండోస్ నుంచి మ్యాక్‌కి పోతే ఒత్తులు విడిపోతున్నాయి, దానికేంటి మందు?

నిర్వాహకుడు | 10:44

దానికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ అడగండి. (క్లుప్తంగా: ప్రీమియర్‌లో అయితే గ్రాఫిక్స్ ప్రిఫరెన్సెస్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్‌కి మార్చండి. ఫాంట్ రెండు మెషిన్లలోనూ ఒకటే ఉండాలి.)

గోదారి_కట్స్ | ఆదివారం ఉదయం 9:15

అందరికీ దండాలు. రాత్రి 2 గంటలకి ఎక్స్‌పోర్ట్ అయింది. తెల్లారగానే పెన్ డ్రైవ్‌లో వేసి పెళ్ళికూతురి నాన్నగారికి ఇచ్చొచ్చాను. కాఫీ కూడా ఇచ్చారు.

గోదారి_కట్స్ | ఆదివారం ఉదయం 10:50

ఫోన్ చేశారు. టీవీలో సన్నాయి వినిపిస్తోందట, బొమ్మ రావట్లేదట.

తెరచాటు | 10:53

ఏ సెట్టింగ్‌లో ఎక్స్‌పోర్ట్ చేశావ్?

గోదారి_కట్స్ | 10:55

"మ్యాచ్ సోర్స్".

తెరచాటు | 11:06

క్యాండిడ్ క్లిప్ చూసి సాఫ్ట్‌వేర్ అదే హెచ్.265, 4:2:2, 10 బిట్ పట్టుకున్నట్టుంది. సోమవారం నీ పీసీకి వచ్చిన జబ్బే ఇప్పుడు వాళ్ళ టీవీకి అంటించావ్.

హెచ్.264, హై ప్రొఫైల్, 8 బిట్ 4:2:0, 1080, 25 ఫ్రేములు, 12 మెగాబిట్లు, ఏఏసీ స్టీరియో, ఎంపీ4. రెండు గంటల సినిమా ఈ లెక్కన 10.8 జీబీ వస్తుంది. పెన్ డ్రైవ్ ఫ్యాట్32 అయితే ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు, పాత టీవీలు కొన్ని ఎక్స్‌ఫ్యాట్ చదవవు. కాబట్టి 40 నిమిషాల చొప్పున మూడు ముక్కలు చెయ్యి, ఒక్కోటి 3.6 జీబీ. 4కె మాస్టర్ నీ దగ్గర వేరేగా దాచు.

ఓరుగల్లు_ఫ్రేమ్స్ | 11:09

ముక్కలు జేసేటప్పుడు తాళి కట్టే కాడ తెగకుండ సూడు తమ్మీ. నేను ఒక్కసారి అట్ల జేసి తిట్లు తిన్న.

గోదారి_కట్స్ | 11:58

పెళ్ళికూతుర్ని చెయ్యడం, ముహూర్తం, అప్పగింతలు. మూడుగా కోశా. మొదటిది అయిపోయింది, మా ఇంటి టీవీలో వేసి చూశాను, ఆడుతోంది. ముహూర్తం 71 శాతం దగ్గరుంది. పెన్ డ్రైవ్ కోసం వాళ్ళ డ్రైవర్ వచ్చి మా వరండాలో కూర్చున్నాడు, అమ్మ ఆయనకి ఉప్మా పెడుతోంది.